జాన్ బ్రౌన్ పటము క్రింద ఏమి వ్రాయవలెను?
(కార్మిక విద్యా తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మా శాఖ పఠన మందిరములో ఉంచవలసిన చిత్రపటముల జాబితా తయారగుచుండగా, యువసభ్యులు కొందరు జాన్ బ్రౌన్ పేరు సూచించినారు. పెద్దలు అభ్యంతరము తెలిపినారు. హంతకుని పటము యూనియన్ గోడపై ఎందుకని వారి ప్రశ్న. చేతులెత్తించి తేల్చదగిన విషయము కాదని తలచి, ఇరుపక్షముల వారమును కలిసి చదివి ఈ ప్రసంగమును సిద్ధము చేసుకొన్నాము.

జాన్ బ్రౌన్ 1800లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రములో జన్మించిన శ్వేతజాతీయుడు. తోళ్లు పదును చేయుట అతని వృత్తి. వ్యాపారములు పెక్కు చేసి నష్టపోయినాడు. 1859 అక్టోబరు 16 రాత్రి 21 మంది అనుచరులతో, వారిలో ఐదుగురు నల్లజాతివారు, వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారమును ఆక్రమించినాడు. బానిసలను సాయుధులను చేసి కొండలలో స్థావరము ఏర్పరచవలెనని అతని సంకల్పము. 18వ తేదీ ఉదయమునకే ప్రభుత్వ సేనలు అతనిని పట్టుకొన్నవి. డిసెంబరు 2న ఉరితీసినారు.

ఇంతవరకు పాఠ్యపుస్తకములలో ఉన్నదే. ఆ రాత్రి మొట్టమొదట కూలినవాడు ఎవరో మనలో చాలమందికి తెలియదు. అతడు బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే స్టేషనులో సామానులు చూచుకొను పోర్టరు, పేరు హేవర్డ్ షెపర్డ్. నల్లజాతివాడు, బానిస కాదు, స్వతంత్రుడు. వంతెన కాపలాదారు కనిపించలేదని వెదకుచు పోయి, ఆగుమన్న కేక విని వెనుదిరుగగా, గుండు తగిలినది. మరునాడు ప్రాణము విడిచినాడు. నల్లవారి విముక్తికై సాగిన దాడిలో తొలి బలి నల్లవాడే, రైల్వే కార్మికుడే.

ఆ రాత్రి వచ్చిన రైలును బ్రౌన్ ఆపించి, తెల్లవారుజామున పోనిచ్చినాడు. ముందరి స్టేషను చేరి కండక్టరు తంతి ఇవ్వగా, రైల్వే అధికారి మొదట నమ్మనేలేదు. లైను మీది మనిషి నివేదికను పై కార్యాలయము నమ్మకపోవుట మనకు కొత్త కాదు!

అంతకు మూడేండ్ల పూర్వము జరిగినది ఇంకను కఠినము. 1856 మే 24 రాత్రి, కాన్సస్ ప్రాంతములో పొటావాటమీ వాగు చెంత, బ్రౌన్ నాయకత్వమున ఒక దళము ఐదుగురు బానిసత్వ పక్షపాతులను ఇండ్లనుండి బయటికి ఈడ్చి కత్తులతో నరికినది. వారిలో అలెన్ విల్కిన్సన్ అనునాతడు తన ఇంటిలోనే తపాలా కార్యాలయము నడుపుచుండెను. జ్వరముతో ఉన్న అతని భార్య ప్రాధేయపడినను ఫలితము లేకపోయినది. ఆ ఐదుగురిలో బానిసలను కలిగినవాడు ఒక్కడును లేడు. డాయిల్ అను తండ్రియు, అతని ఇద్దరు కుమారులును అందులోనే మరణించినారు; తల్లి మొరపెట్టుకొనగా మూడవవానిని మాత్రము విడిచినారు. ఆ తల్లియే 1859లో, ఉరికి కొలది దినములు ముందు, చెరలో ఉన్న బ్రౌనుకు జాబు వ్రాసినది. ఆ జాబును మరచి బ్రౌనును పొగడుట మాకు సాధ్యము కాలేదు.

అయినను, మరియొక స్త్రీ జాబులు కూడ ఉన్నవి. బ్రౌన్ దళములో డేంజర్‌ఫీల్డ్ న్యూబీ అను విముక్తుడు ఉండెను. అతని భార్య హారియెట్, బిడ్డలు ఇంకను బానిసలు. యజమాని తనను అమ్మివేయునేమోనని, త్వరగా వచ్చి కొనుక్కొని పొమ్మని ఆమె వ్రాసిన జాబులు అతని మరణానంతరము దొరికినవి. దళములో మొదట నేలకొరిగినవాడు అతడే. ఆమెను పిదప దక్షిణమునకు అమ్మివేసినారు.

శాంతియుత మార్గములు లేవా అని పెద్దలు అడిగినారు. ఉండెను, వానిని ఒక్కొక్కటిగా మూసివేసినారు. 1835లో చార్లెస్టన్ తపాలా కార్యాలయములోనికి మూక చొరబడి, బానిసత్వ వ్యతిరేక పత్రికలను ఎత్తుకొనిపోయి తగులబెట్టగా, దేశపు పోస్టుమాస్టర్ జనరల్ ఆమోస్ కెండాల్ అట్టి పత్రికలను ఆపిన ఉద్యోగులను వెనుకవేసుకొని వచ్చినాడు. చేతిలోని బట్వాడాను చేర్చుట ధర్మమని నమ్మిన మనకు ఇది ఎంతటి మాటయో చెప్పనక్కరలేదు. 1836 నుండి 1844 వరకు ప్రతినిధుల సభ బానిసత్వముపై అర్జీలను చర్చింపనే లేదు. 1850 చట్టము పారిపోయిన బానిసను పట్టియిచ్చు విధిని పౌరులపై మోపినది. 1857లో అత్యున్నత న్యాయస్థానము నల్లవారు పౌరులే కారన్నది. 1860 నాటికి బానిసలు సుమారు 40 లక్షలు.

ఫ్రెడరిక్ డగ్లస్ స్వయముగా బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చినవాడు. 1859 ఆగస్టులో బ్రౌన్ రమ్మని పిలిచినప్పుడు, ఈ దాడి విఫలమగునని చెప్పి నిరాకరించినాడు. అదే డగ్లస్ 1881లో హార్పర్స్ ఫెర్రీకే వచ్చి బ్రౌనును నిండుమనస్సుతో కీర్తించినాడు. బ్రౌనుకు ఉరిశిక్ష కోరిన ప్రభుత్వ న్యాయవాది ఆ వేదికపైనే కూర్చుండియుండెను. వెంట పోకుండుట, గౌరవింపకుండుట రెండును ఒకటి కాదని మేము ఇందువలన గ్రహించినాము.

షెపర్డును కూడ స్మరించినారు, కాని ఎవరు? 1931లో దక్షిణ రాష్ట్రముల పాత సైన్యపు వారసుల సంఘములు హార్పర్స్ ఫెర్రీలో అతనికి శిల నిలిపినవి, యజమానులకు విశ్వాసముగా నిలిచిన నల్లవారికి గుర్తుగా! పని మీదనుండి మరణించిన కూలివానిని బానిసత్వమునకు సాక్షిగా నిలబెట్టినారు. అతని పేరును మనము విడిచినచో అది వారి చేతులలోనే మిగులును.

కావున మా నిర్ణయమును తెలుపుచున్నాము. బ్రౌన్ వీరుడే, పటము గోడకెక్కును. పొటావాటమీ రాత్రిని మేము సమర్థించుట లేదు, దాచుట కూడ లేదు. పటము క్రింద అతని జనన మరణ సంవత్సరములతో పాటు మరి మూడు పేర్లు ఉండును: డేంజర్‌ఫీల్డ్ న్యూబీ, హేవర్డ్ షెపర్డ్, స్టేషను పోర్టరు, అలెన్ విల్కిన్సన్, పోస్టుమాస్టరు. మూడవ పేరుపై మాలో ఇద్దరు ఇప్పటికిని అంగీకరింపలేదు. వారి వాదమును వారే మీ ముందు వినిపింతురు.