కొలువులో మన మాట: దూరవిద్య ఇచ్చేది, ఇవ్వనిది
(జల్‌పల్లిలో యువతీయువకులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగంలో అవసరమయ్యే భావవ్యక్తీకరణ నైపుణ్యాల గురించి, వాటిని దూరవిద్య ద్వారా సంపాదించుకునే మార్గాల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. పేరు పెద్దదే గాని విషయం చిన్న ప్రశ్నలతోనే మొదలవుతుంది. జీతంలో వెయ్యి రూపాయలు కోత పడితే ఎందుకు పడిందని అడగగలమా? అడిగినదానిని కాగితం మీద పెట్టగలమా? పెట్టిన కాగితానికి రసీదు పుచ్చుకోగలమా? ఈ మూడూ చేతకానివాని వెయ్యి రూపాయలు పోయినట్లే. మరుసటి నెల మరో వెయ్యి పోవచ్చు.

మన పిల్లలు మూగవారు కారు. పాత వాహనాల విడిభాగాల దుకాణంలో బేరం చేసే కుర్రవాని వాగ్ధాటి చూసినవారెవరూ ఆ మాట అనలేరు. అదే కుర్రవాడు విమానాశ్రయంలోనో, కాటేదాన్ కర్మాగారంలోనో సూపర్‌వైజరు ఎదుట నిలబడితే "హౌ సాబ్" అన్న రెండు మాటలు తప్ప మూడవది రాదు. కారణం తెలివితక్కువతనం కాదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, ప్రభుత్వ కాగితంలో తెలుగు, కంపెనీ ఉత్తరంలో ఆంగ్లం. ఈ మూడింటి మధ్య అతనికి వంతెన వేసినవారు లేరు. ఉర్దూ మాధ్యమంలో చదివినవానికి తెలుగు అక్షరాలు అంతంత మాత్రం. గల్లీలోని ప్రైవేటు పాఠశాలలో ఆంగ్ల మాధ్యమం చదివినవానికి జవాబులు కంఠస్థం వచ్చాయిగాని, సొంతంగా నాలుగు వాక్యాలు వ్రాయడం రాలేదు.

ఇక్కడ హక్కుల సంగతి కూడా చెప్పాలి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఎవరైనా తమకు జరిగిన అన్యాయంపై కేంద్రంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వ అధికారికి వినతిపత్రం ఇవ్వవచ్చు. తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చేశారు. సమాచార హక్కు చట్టం, 2005 ఇంకొక అడుగు ముందుకు వేసింది. దరఖాస్తు వ్రాయలేనివాడు నోటితో చెబితే, దానిని కాగితం మీదికి తేవడానికి సాయపడవలసిన బాధ్యత సమాచార అధికారిదే. ఈ హక్కులను వదులుకోమని నేను ఎన్నటికీ చెప్పను. ఉర్దూలో ఇచ్చిన అర్జీని తిప్పి పంపితే ఏ అధికరణం కింద తిప్పి పంపారో అడగండి. కాని ప్రైవేటు కంపెనీకి 350వ అధికరణం వర్తించదు. ప్రభుత్వ కార్యాలయంలో సైతం దస్త్రం కదిలేది ఎక్కువగా తెలుగు, ఆంగ్లాలలోనే. హక్కు కోసం పోరాడుతూనే నైపుణ్యం సంపాదించుకోవాలి. ఒకటి సాధించాక రెండవది చూద్దామంటే ఈ తరం వయసు అయిపోతుంది.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ ఏ విషయం మీద ఉందో మీలో చాలామందికి తెలుసు. అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలని, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని, సాక్షులను పెట్టుకోవాలని అందులో ఆదేశం ఉంది. గుమాస్తాగా పనిచేసిన నాకు ఆ ఆయత్ మీద ప్రత్యేక మమకారం. వ్రాతకు అంత విలువ ఇచ్చిన ధర్మాన్ని పాటించేవారమే "నోటి మాట చాలదా భాయ్" అని పనిలో చేరేటప్పుడు నియామక పత్రం కూడా అడగడం లేదు.

కాగితం ఎలా ఉండాలో చెప్పడం నా వృత్తి నేర్పిన విద్య. మన దరఖాస్తులలో మూడు వంతులు పొగడ్తలు, కష్టాల చరిత్ర. చివరి వాక్యంలో అసలు కోరిక. చదివే అధికారికి ఆ చివరి వాక్యం వరకు వచ్చే ఓపిక ఉండదు. పైన "విషయం" అని ఒక పంక్తి. దాని కింద "సూచిక", అంటే ఇంతకుముందు జరిగిన ఉత్తరప్రత్యుత్తరాల తేదీ, నంబరు. తరువాత జరిగినది, కోరేది, జతపరచిన కాగితాల వివరం. ఒక దరఖాస్తులో ఒకే కోరిక. సెలవు, జీతం బకాయి, బదిలీ మూడూ ఒకే కాగితంలో పెడితే, అవి మూడు సీట్లకు సంబంధించినవి గనుక, దస్త్రం ఏ సీటులోనూ నిలవదు.

"అయ్యా, నేను చాలా బీదవాడను, నాకు అన్యాయం జరుగుతున్నది, దయతో కాపాడగలరు" అన్న దరఖాస్తుకు జవాబు ఇవ్వడం ఎవరికీ సాధ్యం కాదు. "జూన్ నెలలో 26 రోజులు పనిచేశాను. 22 రోజులకే జీతం వచ్చింది. హాజరు పట్టీ నకలు జతపరిచాను. మిగిలిన 4 రోజుల జీతం ఇప్పించగలరు" అన్నదానికి జవాబు ఇవ్వక తప్పదు. రెండవదానిలో బతిమాలడం లేదు, తిట్టడమూ లేదు. అంకెలున్నాయి. రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని ఇంట్లో భద్రపరచుకోండి. కంపెనీలో అయితే ఈమెయిల్ పంపండి. ఫోనులో మాట్లాడినా, "ఇందాక మీరు చెప్పినట్లు" అని రెండు పంక్తులు వ్రాసి పంపితే ఆ మాటకు సాక్ష్యం ఏర్పడుతుంది.

తేదీ ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట. మన దక్కనీలో "పర్సోఁ" అంటే మొన్న కావచ్చు, పోయిన నెల కావచ్చు, మూడేళ్ళ కిందట కూడా కావచ్చు. ఆ తీపి నాకూ ఇష్టమే. దావత్‌లో కూర్చుని చెప్పుకోవడానికి బాగుంటుంది. విచారణాధికారి ముందు "పర్సోఁ కొట్టాడు సాబ్" అంటే కేసు అక్కడే సగం నీరుగారిపోతుంది.

ఇక మాట్లాడడం సంగతి. "హౌ సాబ్" అన్న అలవాటు ప్రమాదకరమైనది. అర్థం కాకపోయినా తల ఊపుతాము. తరువాత పని చెడుతుంది. నింద మన మీద పడుతుంది. అధికారి చెప్పినదానిని మన మాటల్లో తిరిగి చెప్పడం నేర్చుకోవాలి. "సార్, ఈ పెట్టెలు మూడవ గేటుకు, నాలుగు గంటలలోపు, అంతేనా?" అని అడిగితే అవమానం ఏమీ లేదు. అడిగినవాడు శ్రద్ధ గలవాడని అర్థం చేసుకుంటారు.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి? పగలు పనికి వెళ్ళేవాడు కళాశాలకు వెళ్ళలేడు. ఆ చిక్కుకు జవాబు మన నగరంలోనే పుట్టింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. దానికి తొలి ఉపకులపతి ఆచార్య జి. రామిరెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికీ ఆయనే తొలి ఉపకులపతి. హైదరాబాదు సంస్థ ఈనాడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో నడుస్తున్నది. 1998లో పార్లమెంటు చట్టంతో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో వచ్చింది. అది మొదటి నుంచీ దూరవిద్యను నడుపుతున్నది. ఉర్దూ వచ్చినవారికి వాడుక ఆంగ్లం నేర్పే సర్టిఫికెట్ కోర్సు ఒకటి అక్కడ ఉంది. ఇగ్నోలోనూ అటువంటి ఆరు నెలల కోర్సు ఉంది. 2017లో ప్రారంభమైన స్వయం వేదికలో భావవ్యక్తీకరణ పాఠాలు ఉచితంగా వినవచ్చు. ధ్రువపత్రం కావాలంటేనే పరీక్ష రుసుము కట్టాలి. పాఠాలకు ఫోను చాలు. పది చదవనివారు తెలంగాణ సార్వత్రిక పాఠశాల ద్వారా మొదలుపెట్టవచ్చు. "నెల రోజుల్లో డిగ్రీ" అన్న గోడ ప్రకటనలను మాత్రం నమ్మకండి. రూపాయి కట్టే ముందు ఆ సంస్థకు, ఆ కోర్సుకు యూజీసీ అనుమతి ఉన్నదీ లేనిదీ చూసుకోండి.

దూరవిద్యలో అన్నీ ఉన్నాయని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. పుస్తకం ఇస్తారు. అసైన్‌మెంట్ వ్రాయమంటారు. సొంతంగా వ్రాయడం నేర్పేది ఆ అసైన్‌మెంటే. మనవాళ్ళు దానినే జిరాక్సు దుకాణంలో కొని, పేరు మార్చి ఇచ్చేస్తున్నారు. ఆదివారం సంపర్క తరగతికి వెళ్ళరు. చివరకు పత్రం చేతికి వస్తుంది, నాలుక మాత్రం విడదు. ఆ పత్రాన్ని చూసి ఉద్యోగం ఇచ్చినవాడు నెల తిరగకుండానే గ్రహిస్తాడు. మరొక లోటు విద్యలోనే ఉంది. మాట్లాడడం ఒంటరిగా గదిలో కూర్చుంటే రాదు. ఎదుట మనిషి ఉండాలి. మూసా (అలైహిస్సలాం) ఫిరౌను దర్బారుకు వెళ్ళే ముందు తన నాలుక ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారు. అంతటితో ఆగక, తనకంటే స్పష్టంగా మాట్లాడగల సోదరుడు హారూన్‌ను తోడు ఇమ్మని అడిగారు. దూరవిద్య చదివే ప్రతి పిల్లవానికీ ఒక హారూన్ కావాలి.

ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ముస్లిం స్త్రీలు ఇంటి నుంచి చేసే పనుల్లోనే ఎక్కువగా ఉన్నారని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చెప్పింది. జర్దోజీ పని ఇచ్చే మధ్యవర్తి లెక్క చెబితే ఇంతేనా అని అడగలేని స్థితి. ఉద్యోగానికి వెళ్ళినచోట వేధింపు ఎదురైతే 2013 నాటి చట్టం ప్రకారం ఫిర్యాదు వ్రాతపూర్వకంగా, సాధారణంగా మూడు నెలలలోపు ఇవ్వాలి. వ్రాయలేని స్త్రీకి సాయం చేయాలని కూడా చట్టమే చెబుతున్నది. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారు? తల్లిదండ్రులకు నా విన్నపం: ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్నదమ్ముల చేతిలోనే ఉంటే, ఉచిత పాఠం కూడా ఆ అమ్మాయికి అందదు. రోజుకు ఒక గంట ఆమె చేతికి ఇవ్వండి.

ఐదారుగురు కలిసి ఒక జట్టుగా ఏర్పడండి. ఒకే కోర్సులో చేరండి. వారానికి ఒకసారి కూర్చుని అసైన్‌మెంట్ ఎవరిది వారు వ్రాసి, పక్కవారికి చదివి వినిపించండి. ఒకరు సూపర్‌వైజరు, ఒకరు పనివాడుగా నటించి తెలుగులో పది నిమిషాలు, ఆంగ్లంలో పది నిమిషాలు మాట్లాడండి. నవ్వు వస్తే నవ్వండి. కార్యాలయంలో ఎవరో నవ్వడం కంటే ఇక్కడ మనం నవ్వుకోవడం మేలు. అమ్మాయిలు ఎవరింట్లోనైనా విడిగా కూడవచ్చు. దరఖాస్తులు దిద్దే పని నాకు వదిలిపెట్టండి. ఈ సభ ముగిశాక పేర్లు వ్రాసుకుంటాను. మొదటిసారి వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ మీ ఇంట్లో జవాబు రాకుండా మిగిలిపోయిన దరఖాస్తు నకలు ఏదైనా ఉంటే తీసుకురండి. మన పాఠం దానితోనే మొదలుపెడదాం.