ఏ భాషలో అడిగారు?

 నర్సుల స్నాతకోత్సవానికి భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి పిలవడం సాహసమే. పిలిచారు కనక కాసేపు వ్యాకరణం కూడా మాట్లాడతాను, ఓర్చుకోండి.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతానికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా. పట్నాల కంటే పల్లెల్లో, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో, బడికి వెళ్లనివాళ్లలో ఎక్కువ. డిమెన్షియా అనగానే అందరికీ మతిమరుపే గుర్తొస్తుంది. కొందరిలో మాత్రం జ్ఞాపకం బాగానే ఉండి ముందు మాట పోతుంది. 1982లో మెసులం అనే అమెరికా వైద్యుడు అలాంటి ఆరుగురి గురించి రాశాడు. ఆ జబ్బును ఇప్పుడు ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేజియా అంటున్నారు. 2011లో దాన్ని మూడు రకాలుగా విడదీశారు.

ఆ మూడూ మన ఊళ్లో ఎలా కనిపిస్తాయో చెబుతాను. ఒక అవ్వను అడ్డాకులు తెమ్మంటే, పుట్టినప్పటినుంచీ అడ్డాకుల మధ్యే పెరిగిన మనిషి, "అడ్డాకులంటే ఏవిటి?" అని అడుగుతుంది. అక్కడ అర్థమే చెరిగిపోతోంది. ఇంకొకరికి చెప్పాల్సింది తెలుసు, నోరు తిరగదు. ఒక్కో మాటా కూడబలుక్కుంటారు, విభక్తులూ క్రియల చివర్లూ రాలిపోతాయి. మూడో రకంలో మాట కోసం మధ్యమధ్య ఆగిపోతారు, కాస్త పొడుగు వాక్యం తిరిగి చెప్పమంటే సగంలో జారవిడుస్తారు. ఈ మూడోదాని వెనక ఎక్కువగా ఉండేది అల్జీమర్సే. ఇవి కాక పార్కిన్సన్స్‌లో గొంతు సన్నబడిపోతుంది. కండరాలను కుంగదీసే మోటార్ న్యూరాన్ జబ్బులోనూ కొందరికి భాష దెబ్బతింటుంది.

వీటిని పసిగట్టే పరీక్షలున్నాయి. కేంబ్రిడ్జిలో తయారైన అడెన్‌బ్రూక్స్ పరీక్ష వాటిలో పేరున్నది. దాని ఇంగ్లీషు ప్రతిలో కంగారూ, పెంగ్విన్, ఓడ లంగరు, అకార్డియన్ బొమ్మలుంటాయి. అనంతగిరి దాటి ఎన్నడూ వెళ్లని తాతకు అకార్డియన్ బొమ్మ చూపించి, పేరు చెప్పలేకపోయాడని మార్కు కోస్తే తప్పు తాతది కాదు. ఈ సంగతి మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. 1990ల్లో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో, చదువు రాని పెద్దల కోసం హిందీలో పరీక్షను తిరగరాశారు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం అడెన్‌బ్రూక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా ఐదు భాషల్లో పరీక్షల సంపుటి చేయించింది. మంచి పనులే. కానీ ఆ తెలుగు పరీక్ష అరకు చేరాక ఏమవుతుంది?

ఇక్కడే వ్యాకరణం. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఇక్కడ మాట్లాడే, కొండ అనీ కుబి అనీ పిలిచే భాష మీద 1969లో పుస్తకం వేశారు. మనం తెలుగు మాటల్లో ఎప్పుడో పోగొట్టుకున్న 'ఱ'కారం ఆ భాషలో ఇంకా వేరుగా పలుకుతుంది. వినే అలవాటు లేని చెవికి అది తడబడ్డ నాలుకలా తోస్తుంది. ఇంకొకటి. తెలుగులో ఆడవాళ్లయినా మగవాళ్లయినా "వచ్చారు" అంటాం, మేకలైతే "వచ్చాయి" అంటాం. కొండలోనూ, ఇక్కడి ఇంకో గిరిజన భాష కువిలోనూ బహువచనంలో మగవాళ్లదే వేరే రూపం. ఆడవాళ్లకూ మేకలకూ ఒకటే. ఆ భాష ఇంట్లో మాట్లాడే తాత తెలుగులో "మా కోడళ్లు వచ్చాయి" అంటే, పరీక్ష పెట్టినవాళ్లు వ్యాకరణ లోపమని గీత పెడతారు. నిజానికి ఆ తాత వ్యాకరణం భేషుగ్గా ఉంది, తన భాషది.

దీనికి తిరగేసిన ప్రమాదం కూడా ఉంది, అది ఇంకా లోతైనది. ఆస్పత్రిలో భాష రాకపోతే మనవణ్ణి దుబాసీగా పిలుస్తాం. తాత సగం మాట మింగేసి, ఒకదానికొకటి పొంతన లేకుండా చెబుతాడు. పిల్లవాడు అదంతా సర్ది, చక్కటి తెలుగులో డాక్టరుకు అప్పజెబుతాడు. పాపం వాడు తాత పరువు కాపాడాననుకుంటాడు. మనం వెతుకుతున్న రోగలక్షణం వాడి నోట్లోనే చెరిగిపోయింది. మాట తప్పుల పరీక్షలో దుబాసీ పనికిరాడని నా గట్టి అభిప్రాయం. ఆ భాష వచ్చిన నర్సే అడగాలి, తప్పును తప్పుగానే రాసుకోవాలి. మీలో ఎంతమంది ఇళ్లలో కువి, కొండ, గదబ, ఆదివాసీ ఒడియా మాట్లాడతారో నాకంటే మీకే తెలుసు. అవి బయోడేటాలో రాయడానికి మొహమాటపడేవాళ్లున్నారని కూడా తెలుసు.

ఆ మొహమాటం అక్కర్లేదు. నిమ్స్ బృందం 2013లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడ్డాయి, అక్షరం రానివాళ్లలో కూడా. ఇంట్లో ఒక భాష, సంతలో ఇంకోటి, ఆఫీసులో తెలుగు మాట్లాడే ఈ లోయకు అది శుభవార్తే. అయితే సంబరం అక్కడితో ఆపాలి. 2017లో అదే పరిశోధకులు ఇంకో సంగతి చెప్పారు: మాటనే ముందు మింగే రకం జబ్బులో ఆ ఆలస్యం కనబడలేదు. అన్ని జబ్బులకూ ఒకే రక్ష లేదు.

మందు లేని జబ్బును ముందుగా కనిపెట్టి ఏం లాభమని మీ పీహెచ్‌సీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మొదటి లాభం, అది ఆ జబ్బు కాకపోవచ్చు. చెవుడు, శుక్లాలు, థైరాయిడ్, బి12 లోపం, దిగులు, ఇవన్నీ మాటను మందగింపజేస్తాయి, వీటికి వైద్యముంది. నిన్నటిదాకా బాగా మాట్లాడి ఇవాళ పొద్దున మాట పడిపోతే పరీక్షలు పెడుతూ కూర్చోవద్దు. అది పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డను కరిగించే మందుకు నాలుగున్నర గంటలే గడువు, విశాఖ ఘాట్ రోడ్డుకు అవతల ఉంది.

రెండో లాభం చెప్పడానికి కాస్త నోరు రావడం లేదు. ఒంటరి ముసలామె తనలో తాను గొణుక్కుంటే, పేర్లు తారుమారు చేస్తే, ఎవరికీ తెలియని మాటలు పలికితే, చిల్లంగి, అంటే చేతబడి, పెడుతోందనే అనుమానం ఇంకా చావని ఊళ్లున్నాయి. ఆ అనుమానం ఎక్కడిదాకా పోతుందో పేపర్లు చదివే మీకు చెప్పక్కర్లేదు. "ఇది మెదడు జబ్బు, ఈమెకు మాట పోతోంది" అని ఊరివాళ్ల భాషలో, ఊరివాళ్ల మధ్య నిలబడి చెప్పే నర్సు ఉంటే ఒక ప్రాణం నిలవచ్చు. ఆ ఇంటివాళ్లకు మాట్లాడే తీరూ నేర్పవచ్చు: పొట్టి వాక్యం, ఒకసారికి ఒక్క ప్రశ్న, వస్తువును చూపిస్తూ అడగడం, తప్పు పలికిన ప్రతిసారీ దిద్దకపోవడం.

మరి పరీక్ష ఎలా పెట్టాలి? అక్షరం చెప్పి దానితో మొదలయ్యే మాటలు అడగడం బడి చదువు ఉన్నవాళ్లకే నప్పుతుంది. సంతలో ఏమేం అమ్ముతారో ఒక్క నిమిషంలో చెప్పమనండి. చోళ్లు, సామలు, వలిసెలు, పిప్పళ్లు, పసుపు, కొండచీపుళ్లు, అన్నీ వస్తాయి. రెండేళ్ల కిందట ఆ మనిషి ఎలా మాట్లాడేవారో ఇంట్లోవాళ్లను అడగండి. ఎవరి మాటను వాళ్ల పాత మాటతోనే పోల్చాలి. అయితే నిమిషంలో ఎన్ని చెబితే మామూలు? కువిలో, కొండలో ఆ లెక్క కట్టాలంటే ముందు ఆరోగ్యంగా ఉన్న పెద్దలను అడగాలి. సుమారు ఇరవై ఏళ్ల కిందట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల కోసం ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేశారు. వాటిలోని బొమ్మలు, మాటలు ఇప్పుడు తాతల పరీక్షకు పనికొస్తాయి. ఎక్కడో బీరువాల్లో ఉంటాయి, దుమ్ము దులపండి.

కేసుషీటులో పేరు, వయసు, ఊరు రాయడానికి గడులున్నాయి, భాషకు లేదు. కొత్త షీట్లు అచ్చయ్యేదాకా స్కేలు పెట్టి మీరే మూడు గడులు గీసుకోండి: ఇంట్లో ఏ భాష, సంతలో ఏ భాష, ఈ పరీక్ష ఏ భాషలో పెట్టారు. మూడూ నింపాకే మార్కు వేయండి.