సముద్రం మీది యుద్ధం, రెండు కావ్యాలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. అది ప్రతి ఏడూ మాట్లాడుతూనే ఉన్నాం. ఈసారి మా తరగతిలో ఒక పిల్లవాడు వేసిన ప్రశ్న గురించి చెప్తాను. చరిత్ర పాఠంలో వాస్కోడగామా వచ్చాడు. 1498లో కాలికట్ చేరాడని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. పోర్చుగీసువాళ్ళు ఆయన ప్రయాణం మీద పెద్ద కావ్యమే రాసుకున్నారని, అందులో ముస్లిం వర్తకులు కుట్రలు పన్నేవాళ్ళుగా కనిపిస్తారని కూడా చెప్పాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "సార్, అయితే ఆ కథలో చెడ్డవాళ్ళు మనమేనా?" అన్నాడు. అంతలో గంట కొట్టారు, నేను బతికిపోయాను. ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

మార్కాపురం, గిద్దలూరు వాళ్ళం మనం. సముద్రం చూడాలంటే ఒంగోలు దాటి కొత్తపట్నం పోవాలి. మన సముద్రం కంభం చెరువే. వీరగాథ అంటే మనకు పల్నాటి యుద్ధం. దక్కనీలో రజ్మియా అంటే బీజాపూరు కవి నుస్రతీ రాసిన 'అలీనామా'. రెండింటిలోనూ కత్తులూ గుర్రాలే. శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో రేవుల సంగతి ఎత్తాడు. గుర్రాలూ ఏనుగులూ తెచ్చే దూరదేశపు వర్తకులను ఆదరించి మన రేవులకే రప్పించుకోవాలి, అవి శత్రువుకు అందకూడదు అంటాడు. రాజుకు కావలసింది గుర్రం. ఆ గుర్రం వచ్చే సముద్రం మీద ఏం జరుగుతోందో ఆ పద్యాల్లో లేదు. ఆయన గద్దె ఎక్కిన 1509లోనే గుజరాత్ తీరాన డయ్యూ దగ్గర పెద్ద ఓడల యుద్ధం జరిగింది.

ఆ యుద్ధం కామోయెన్స్ అనే కవి రాసిన 'లూసియాడ్స్'లో ఉంది. 1572లో లిస్బన్‌లో అచ్చయింది. పది కాండలు, 1102 పద్యాలు. ఆ కవి ఇంట్లో కూర్చుని రాసినవాడు కాదు. మొరాకోలో సిపాయిగా ఒక కన్ను పోగొట్టుకున్నాడు, 1553లో గోవా వచ్చాడు. మెకాంగ్ నది ముఖద్వారం దగ్గర ఓడ మునిగితే రాతప్రతి పట్టుకుని ఈదాడని చెప్పుకుంటారు. నేను ఇంగ్లీషు అనువాదంలోనే చదివాను. అందులోనే అంత బాగుంటే మూలం ఎంత బాగుంటుందో.

కవికి ఒక చిక్కు వచ్చింది. పాత కావ్యాల్లో వీరుడు ఎదురుగా నిలబడి కత్తితో పోరాడతాడు. కొత్త యుద్ధం అట్లా లేదు. ఓడ పక్కల బరువైన ఫిరంగులు పెట్టి దూరం నుంచే పేలుస్తారు. మలబారు ఓడలు చాలామటుకు మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టినవి, అంత బరువు మొయ్యలేవు. ఇందులో వీరత్వం ఎక్కడుంది? ఇటలీ కవి అరియోస్టో 1532 నాటి తన కావ్యంలో వీరుడి చేత తుపాకీని సముద్రంలోకి విసిరేయించాడు. కామోయెన్స్ అట్లా చేయలేడు, ఆయన రాజ్యం నడిచిందే ఫిరంగి మీద. అందుకని ఒక జలకన్య విందులో జోస్యం పాడినట్టు ఈ యుద్ధాలన్నీ చెప్పించాడు. 1508లో చౌల్ దగ్గర ఈజిప్టు నౌకాపతి అమీర్ హుసేన్, డయ్యూ పాలకుడు మాలిక్ అయ్యాజ్ కలిసి పోర్చుగీసు ఓడలను ఓడించారు. వైస్రాయి కొడుకు లొరెన్సో చనిపోయాడు. కావ్యంలో ఒక గుండు అతని తొడను పట్టుకుపోతుంది, అయినా చేతులతో పోరాడుతూనే ఉంటాడు, ఇంకో గుండు ప్రాణం తీస్తుంది. ఆ గుండు పేల్చినవాడికి పేరు లేదు. మరుసటి ఏడు డయ్యూలో తండ్రి పగ తీర్చుకుంటాడు, తెగిన కాళ్ళూ చేతులూ నీళ్ళ మీద తేలతాయి. చచ్చినవాళ్ళు మనుషులుగా కాక ముక్కలుగా కనిపిస్తారు.

న్యాయంగా చెప్పాలంటే మలిందీ ముస్లిం రాజును కవి గౌరవంగానే చూపాడు. కాలికట్‌లో గామాను కాపాడిన మోన్సైద్ కూడా ముస్లిమే, కాకపోతే చివరికి అతను మతం మారతాడు!

నన్ను కలవరపెట్టింది కావ్యంలో లేని సంగతి. 1502లో గామా రెండోసారి వచ్చినప్పుడు, మక్కా నుంచి తిరిగివస్తున్న యాత్రికుల ఓడను ఆడవాళ్ళు, పిల్లలతో సహా తగలబెట్టించాడు. ఇది మనవాళ్ళు కట్టిన మాట కాదు. ఆ దండులోనే ఉన్న తొమే లోపెస్ అనే పోర్చుగీసువాడు రాసిపెట్టాడు. 1102 పద్యాల్లో ఆ ఓడకు చోటు దొరకలేదు.

ఇప్పుడు రెండో కావ్యం. కాలికట్ దగ్గర చాలియంలో పోర్చుగీసువాళ్ళు 1531లో నది ముఖాన కోట కట్టారు. 1571లో కాలికట్ రాజు సామూతిరి దాన్ని ముట్టడించాడు. లోపల తిండి అయిపోయి కోట లొంగింది. ఆ కాలపు కాలికట్ ఖాజీ ముహమ్మద్ దీన్ని అరబ్బీలో కావ్యం చేశాడు, పేరు 'ఫత్‌హుల్ ముబీన్'. పూర్తి పేరులోనే ముస్లింలను ప్రేమించే సామూతిరి విజయం అని ఉంది. ఆలోచించండి, ఒక ఖాజీ, అరబ్బీ భాష, కావ్యనాయకుడు హిందూ రాజు! కోటకోసం చాలియం మసీదును పడగొట్టి రాళ్ళు వాడారని, కోట కూలగొట్టాక సామూతిరి కొంత రాయి ఆ మసీదు తిరిగి కట్టుకోడానికి వదిలాడని షేక్ జైనుద్దీన్ మఖ్దూం 'తుహ్‌ఫతుల్ ముజాహిదీన్'లో రాశాడు.

ఖాజీగారిదీ ఒక పక్షమే, ఎదుటివాళ్ళ మంచి ఆయనకూ కనపడదు. తరవాతి కథ ఆయన కావ్యమంత అందంగానూ లేదు. తెడ్ల పడవలతో పోర్చుగీసువాళ్ళను ముప్పుతిప్పలు పెట్టిన కుంజాలి మరక్కార్లలో నాలుగోవాడిని, సామూతిరి, పోర్చుగీసువాళ్ళు కలిసే పట్టారు. 1600లో గోవాలో చంపారు. ముంబయిలోని మన నౌకాదళ కేంద్రానికి ఈరోజు కుంజాలి పేరుంది.

మర్నాడు ఈ రెండు కావ్యాల పేర్లూ బోర్డు మీద పక్కపక్కన రాశాను. మా వాడు రాసుకుని, "సార్, తగలబడిన ఓడ మీద ఎవరు రాశారు?" అన్నాడు. లోపెస్ పేరు చెప్పాను. "ఆయన తగలబెట్టినవాళ్ళ వైపు కదా సార్" అన్నాడు.

సంఘం పెద్దలకు ఒక మనవి. మఖ్దూం పుస్తకం, లూసియాడ్స్ రెండూ ఇంగ్లీషులో దొరుకుతాయి. మన పఠనాలయానికి రెండూ తెప్పించండి, ఒకటి తెప్పించి ఊరుకోవద్దు. పిల్లలూ, భోజనాలయ్యాక రండి. అట్లాసు తెచ్చాను. చౌల్, డయ్యూ, చాలియం ఎక్కడున్నాయో చూపిస్తాను.