కుండీ బరువు చూసి నీళ్ళు పోయాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



వరండాలో వేలాడదీసే మొక్కల గురించి నన్ను మాట్లాడమన్నారు. నేను చదివింది పదో తరగతి. మొక్కల చదువు చదవలేదు. కానీ ఈ సభలో ఇన్ని వేలాడే మొక్కల్ని చంపినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను. అందుకే నన్ను పిలిచారు.

రెండేళ్ళ కిందట మా సంఘంలో ఆరు వేలు అంతర్గత అప్పు తీసుకున్నాను. నెలకు ఆరు వందలు, వడ్డీ వేరు, పది కిస్తీలు. కడియం వెళ్ళి నలభై మొక్కలు తెచ్చాను. ముత్యాల దండలా జారే స్ట్రింగ్ ఆఫ్ పెరల్స్ పదిహేను, లావుపాటి జడలా దిగే డాంకీ టెయిల్ పది, గడ్డి గులాబీ పదిహేను. శ్రావణ మాసంలో పేరంటాలకి, కానుకలకి అమ్ముదామని నా ఆలోచన. తెచ్చింది జూన్ నెలలో. అక్కడే మొదటి తప్పు చేశాను.

రెండో తప్పు నీళ్ళు. తులసమ్మకి పోసినట్టు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోశాను. పై నుండి వాన. మా అత్తగారు చూసి, "ఏటమ్మా, కడుపు నిండినోడికి మళ్ళీ మళ్ళీ వడ్డిస్తావేటి?" అన్నారు. నేను వినలేదు. జూలై ఆఖరుకి ముత్యాల దండలు పదిహేనూ కుళ్ళిపోయాయి. డాంకీ టెయిల్ మూడు మిగిలాయి. గడ్డి గులాబీ పదకొండు బతికాయి.

ఆగస్టు మీటింగులో నా కిస్తీ లేదు. ప్రతి నెలా "అక్కా, నీ వాయిదా ఏది?" అని అందర్నీ అడిగేదాన్ని నేనే. ఆ రోజు లేచి నిలబడి నా దగ్గర డబ్బు లేదని చెప్పాను. తల ఎత్తలేకపోయాను. సంఘం నాకు ఒక్క నెల గడువు ఇచ్చింది, వడ్డీ మాత్రం తగ్గించలేదు. తీర్మానం రాసేటప్పుడు ఒక పెద్దక్క, "ఎందుకు చచ్చాయో తెలుసుకుని మాకు చెప్పాలి, అది కూడా రాయండి" అంది. రాశారు. ఆ బాకీ ఈ రోజు మీ అందరి ముందు తీరుస్తున్నాను.

ఈ రకం మొక్కల్ని సక్యులెంట్స్ అంటారు. ఆకులోనో కాడలోనో నీరు దాచుకుంటాయి. ముత్యాల దండ పుట్టిల్లు దక్షిణాఫ్రికా. డాంకీ టెయిల్‌ది మెక్సికో, అక్కడ రాళ్ళ సందుల్లో, కొండ గోడల మీద పెరుగుతుంది. పత్రరంధ్రాలని జీవశాస్త్రంలో చదువుకున్నాం కదా. మామూలు మొక్కలు వాటిని పగలు తెరుస్తాయి. ఇలాంటి మొక్కలు చాలావరకు పగలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. అందుకని వాటిలోని నీరు తొందరగా ఆవిరైపోదు. అలా పొదుపు చేసుకునే మొక్కకి రోజూ రెండు పూటలా పోస్తే వేరుకి గాలి ఆడదు, కుళ్ళిపోతుంది.

పైగా మనది సముద్రం దగ్గర ప్రాంతం. గాలిలోనే చెమ్మ ఉంటుంది. అనకాపల్లి వాళ్ళకి బెల్లం సంగతి నేను చెప్పక్కర్లేదు. వానాకాలం మూత తీసి ఉంచితే దిమ్మ నీరు కారుతుంది. బెల్లాన్ని ఎలా చెమ్మ తగలకుండా దాస్తామో, వానల్లో ఈ మొక్కల్నీ అలాగే చూసుకోవాలి.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను.

మట్టి: ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు ముతక ఇసుక, అర వంతు బాగా మాగిన గెత్తం. గుప్పెడు ఇటుక ముక్కలు, బొగ్గు ముక్కలు కలుపుతాను. కొబ్బరి పొట్టు ఎక్కువ వెయ్యకండి, అది నీరు పట్టి ఉంచుతుంది. కొబ్బరి చిప్ప అయినా, పెయింటు డబ్బా అయినా అడుగున మూడు నాలుగు కన్నాలు ఉండాలి. కింద పళ్ళెం పెట్టి నీరు నిలవ ఉంచకండి. వేరు కుళ్ళుతుంది, డెంగీ దోమ కూడా అందులోనే గుడ్లు పెడుతుంది.

నీళ్ళు: తారీఖు చూసి పొయ్యకండి. కుండీని చేత్తో ఎత్తి చూడండి. తేలిగ్గా ఉండి, వేలు పెడితే మట్టి పొడిగా తగిలితే అప్పుడు పొయ్యండి. పోసినప్పుడు కన్నాల్లోంచి కారేదాకా పొయ్యండి. మా ఇంట్లో ఎండాకాలం నాలుగైదు రోజులకొకసారి, వానాకాలం పది పదిహేను రోజులకొకసారి సరిపోతుంది. ఆకు ముడతలు పడితే దాహం వేసిందని. ఆకు పసుపు రంగుకి తిరిగి మెత్తగా నీరు కారితే నీరు ఎక్కువైందని. దాహం వేసిన మొక్క మళ్ళీ తేరుకుంటుంది. కుళ్ళినది తేరుకోవడం కష్టం, వెంటనే బాగున్న కొస కత్తిరించి వేరే నాటుకోండి.

ఎండ: ముత్యాల దండకి, డాంకీ టెయిల్‌కి తూర్పు వరండా మంచిది. పొద్దుటి ఎండ చాలు, ఏప్రిల్, మే మధ్యాహ్నపు ఎండ కాల్చేస్తుంది. గడ్డి గులాబీకి మాత్రం ఐదారు గంటల ఎండ ఉండాలి, లేకపోతే పువ్వు విచ్చదు.

కొత్త మొక్కలు: కొస కత్తిరించి నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టండి. కోసిన చోటు ఆరి మూసుకున్నాక నాటండి. మూడు నాలుగు రోజుల తరవాత కొంచెం తడపండి. డాంకీ టెయిల్ ఆకు చెయ్యి తగిలితేనే రాలుతుంది, పారెయ్యకండి, మట్టి మీద ఉంచితే దానికీ వేరొస్తుంది. గడ్డి గులాబీ కొమ్మని ఆరబెట్టకపోయినా బతుకుతుంది.

తెల్లగా పిండినల్లి పడితే దూదిని సబ్బు నీళ్ళలో ముంచి తుడవండి. ముత్యాల దండ తింటే విషం. బఠాణీల్లా ఉంటుంది కాబట్టి పిల్లలకి, మేకలకి అందని ఎత్తులో కట్టండి. తుఫాను కబురు రాగానే కుండీలన్నీ దించి లోపల పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి ఏమేం ఎగిరాయో మనం మరిచిపోలేదు.

ఇంకొక్క మాట. నేను డబ్బు పోసి తెచ్చినవి కుళ్ళుతుంటే, మా పెరటి కంచె మీద నల్లేరు పచ్చగా పాకుతూనే ఉంది. దానికి ఎవరూ నీళ్ళు పొయ్యరు. అదీ కాడలో నీరు దాచుకునే తీగే. లేత కణుపులు నారలు తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండు వేసి పచ్చడి చేస్తాం. సరిగ్గా వేగకపోతే గొంతు దురద పెడుతుంది. వేలాడే మొక్క పెంచుదామనుకునేవాళ్ళు ముందు నల్లేరు, గడ్డి గులాబీలతో మొదలు పెట్టండి. చెయ్యి తిరిగాక ముత్యాల దండ తెచ్చుకోండి.

నా అప్పు సంగతి కూడా చెప్పాలి. బతికిన పదకొండు గడ్డి గులాబీల నుండి కొమ్మలు తీసి కొబ్బరి చిప్పల్లో అరవై నాటాను. సంక్రాంతి లోపల నలభై ఐదు అమ్ముడుపోయాయి, ఒక్కొక్కటి నలభై రూపాయలు. పద్దెనిమిది వందలు వచ్చాయి. మిగతాది కుట్టు మిషను మీద సంపాదించి కట్టాను. మే నెలలో అప్పు తీరింది. లాభం వచ్చిందని నేను చెప్పను. నెలకు నాలుగైదు వందల చేతి ఖర్చు ఇప్పుడు వస్తోంది, అంతే.

అందుకని మీ సంఘంలో ఎవరైనా మొక్కలకని అప్పు అడిగితే కాదనకండి. ఏ నెలలో తెస్తున్నావు, వాన పడితే ఎక్కడ పెడతావు, ముందు రెండు పెంచి చూశావా అని మూడు ప్రశ్నలు అడగండి. నన్ను ఎవరూ అడగలేదు, నేను లీడరునని. లీడరుని కూడా అడగండి.

బయట బల్ల మీద గడ్డి గులాబీ కొమ్మలు పెట్టాను. డబ్బులు వద్దు, తలా రెండు పట్టుకెళ్ళండి. ఇంటికెళ్ళగానే నాటండి. నీళ్ళు మాత్రం కుండీ ఎత్తి చూశాకే పొయ్యండి.