మెదడు వాకిట కాపలా

ఇంటికి వీధి తలుపు ఎలాగో మెదడుకీ ఒక కాపలా ఉంది. అక్కడి సన్నని రక్తనాళాల గోడల్లో కణాలు సందులేకుండా అతుక్కుని, రక్తంలోని ప్రతిదాన్నీ లోపలికి రానివ్వవు.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన మెథోట్రెక్సేట్ పిల్లల రక్తక్యాన్సరుకు గొప్ప మందు. కానీ మామూలు మోతాదులో అది ఈ కాపలాను అంతగా దాటలేదు. రోగం మెదడు చాటున దాక్కుంటుంది. అందుకే డాక్టర్లు వెన్నులోని నీటిలోకి ఆ మందు ఎక్కిస్తారు. "అమ్మో, వెన్నులో సూదా!" అని మానిపించకండి.

ఈ వైద్యం తర్వాత కొందరు పిల్లలకు ధ్యాస, జ్ఞాపకం కాస్త మందగించవచ్చు. పాఠం ఆలస్యంగా పట్టుబడితే మొద్దని తిట్టకండి. డాక్టరుగారికీ, పంతులమ్మగారికీ చెప్పండి. ప్రాణం దక్కిన బిడ్డకు చదువూ దక్కాలి కదా!