పెరడు లేని ఇంట కూరతోట



మధిర పట్టణాన కాపురమున్న మీ పిల్లలకు పెరడు లేదా? డాబామీద 6 గంటలు ఎండ తగిలే జాగా ఉంటే చాలును. పాత తొట్టి అడుగున రంధ్రాలు పొడిపించండి. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపి నింపవలెను. తోటకూరకు 6 అంగుళాల లోతు చాలు. టమాటాకు 12 కావాలి.

కొత్తవారు మొక్కను నీళ్లు పోసీ పోసీ చంపుతారు. నీరు నిలిస్తే వేళ్లకు గాలి ఆడదు గదా! చూపుడువేలు రెండు కణుపులు మట్టిలో దించి చూడవలెను. తడి తగిలితే ఆ పూట నీరు వద్దు. రోహిణి కార్తె ఎండలకు మాత్రం పైన నీడపందిరి తప్పదు. తోటకూర నెల దాటకముందే కోతకొస్తుంది.

చేలో మీరు నేర్చిన ఈ పనితనం పిల్లలకు చెప్పకుంటే మీతోనే పోతుంది. ఈమారు వారింటికి బియ్యంతోపాటు ఒక బస్తా ఎరువు, గుప్పెడు విత్తనం పట్టుకెళ్లండి.