బరువెక్కడ ఆనాలి?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో అడవి జంతువుల వేట నేరం. అయినా విదేశీ వేటగాళ్లు మాంసం మోసుకురావడానికి వాడే, చట్రం విడదీయగల వీపుసంచి మన కొండలెక్కేవారికీ పనికొస్తుంది. బరువెంత అన్నది సగమే, అదెక్కడ ఆనుతుందన్నది మిగతా సగం. గట్టి చట్రం, నడుంపట్టీ కలిసి భారాన్ని భుజాల నుంచి తుంటి ఎముకల మీదికి దించుతాయి. కొనేముందు సంచిలో పది కిలోల బియ్యం వేసి, నడుంపట్టీ బిగించి, భుజంపట్టీలు కాస్త వదులు చేయండి. సంచి కిందికి జారకపోతే కొలత కుదిరినట్టే.

పుదుచ్చేరి నుంచి సెంజి కోటకెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవారికి ఆ చట్రం దండగ కాదా అంటారు. నిజమే, చట్రానికీ బరువుంటుంది. విడదీయగలిగేది ఎంచుకోమనడం అందుకే: నీళ్లసీసా, తిండిపొట్లం మాత్రమే ఉన్ననాడు దాన్ని ఇంట్లోనే వదిలేయవచ్చు.